ఏసీ నీళ్ల రఫీయుద్దీన్ సార్

రఫీయుద్దీన్ సార్ మనుషుల్ని వాళ్ల ఏసీల నుంచి కారే నీళ్లను బట్టి గుర్తుపెట్టుకునేవారు. పేరు, ఊరు, ఉద్యోగం ఆయన బుర్రలో నిలిచేవి కావు. "మూలమీది బిల్డింగు, రెండో అంతస్తు, రోజుకు నాలుగున్నర లీటర్లు" అంటే మాత్రం ఆ ఇంట్లో ఎందరుంటారో, ఎప్పుడు పడుకుంటారో, అత్తగారు ఊరినుంచి వచ్చిందో లేదో కూడా చెప్పేవారు. దోహాలో ఆయనకు తెలిసినంత కాలం నేను 'ఐదు లీటర్లు'గానే బతికాను. నన్ను అంత కచ్చితంగా అంచనా వేసినవాళ్లు ముందూ లేరు, తర్వాతా లేరు.

పరిచయం 1979 ఏప్రిల్‌లో జరిగింది. అప్పుడు నేను అక్కడి ఒక ఇంగ్లీషు పత్రికలో సబ్ ఎడిటర్ని. మధ్యాహ్నం మూడుకు డ్యూటీ ఎక్కితే పేపరు అచ్చుకు వెళ్లాకే ఇంటికి. అందుకని ఉదయాలన్నీ నిద్రకు రాసిచ్చేశాను. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మొదటి అంతస్తు మాది. ఒకరోజు ఆరింటికే కిటికీ బయట ఏదో గీరుతున్న చప్పుడు. తెర తీశాను. నిచ్చెన మీద నెరిసిన గడ్డం, మందపాటి కళ్లద్దాలు, నోట్లో తాడు పట్టుకున్న ఒక పెద్దమనిషి. చేతిలో ఖాళీ పాలపొడి డబ్బా.

"ఎవరండీ మీరు?"

ఆయన తాడు నోట్లోంచి తీశారు. "పండుకోండి సాబ్, పండుకోండి. మీతోని పనిలేదు. మీ ఏసీతోనే పని."

"నా ఏసీతో ఏం పని?"

"దీనెన్కకెల్లి నీళ్లు కారుతున్నయి."

"కారనివ్వండి."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన నిచ్చెన మీద ఇంకో మెట్టెక్కి, మోచేతులు కిటికీ మీద ఆనించి, పాఠం మొదలుపెట్టారు. ఈ ఊళ్లో వాగు లేదు, చెరువు లేదు. తాగే ప్రతి గ్లాసు సముద్రంలోంచి తీసి మరగబెట్టిందే. మరగబెట్టడానికి మంట కావాలి, మంటకు గ్యాసు కావాలి. "అంటే సాబ్, మీరు గ్లాసు నీళ్లు పారబోస్తే గంత గ్యాసు ఊదేసినట్టే. మరి ఇవేమో గాలిలకెల్లి ముఫ్త్‌గ వస్తున్నయి, ఉప్పు లేనియి. గివాటిని రోడ్డుమీద కారనిస్తరా? చదువుకున్నోళ్లే గదా మీరు?"

కింద నిచ్చెన పట్టుకుని స్కూలు యూనిఫారంలో ఒక పన్నెండేళ్ల పిల్ల. చంకలో నోటుబుక్కు, చెవిమీద పెన్సిలు.

"సార్, ఈ అంకుల్ పేరేం రాయాలె?"

"పేరెందుకు? ఫస్ట్ ఫ్లోర్, కుడి కిటికీ అని రాయి."

ఆ పిల్ల ఖదీజా. ఏడో తరగతి. రఫీయుద్దీన్ సార్ నడిపే నేచర్ క్లబ్బుకు సెక్రటరీ. పోలీసుగా పుట్టాల్సింది, పొరపాటున సెక్రటరీ అయింది.

సార్‌ది బోధన్. మెసైమీర్ వైపు వెళ్లే దారిలో ఉన్న మా భారతీయ పిల్లల బడిలో బయాలజీ చెప్పేవారు. చమురు ధర నెలనెలా ఎగిరిపడుతున్న రోజులవి. ఓడలు సిమెంటు, కార్లు, ఏసీలు దింపుతూనే ఉన్నాయి. నిన్న ఇసుక ఉన్నచోట ఇవాళ బిల్డింగు. పిల్లలు ఏసీ గదిలోంచి ఏసీ బస్సులోకి, బస్సులోంచి ఏసీ క్లాసులోకి. చెట్టంటే సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు చూసే వింత. తక్కిన బళ్లలో కూడా ప్రకృతి దినాలు జరిపేవారు. ఆకుపచ్చ కాగితం కత్తిరించి చార్టుమీద అంటించి, ఒక అతిథిని పిలిచి, సమోసాలు తిని, చార్టును పైఏటికి బీరువాలో దాచేవారు. అలాంటి వార్తలు నా చేతిమీదుగా ఎన్నో వెళ్లాయి. ప్రతిసారీ అదే ఫోటో, అదే చార్టు, అతిథి మాత్రం కొంచెం లావయ్యేవాడు.

సార్‌కు చార్టులంటే మంట. "చార్టుమీది చెట్టుకు నీడుంటదా? పిట్ట కూసుంటదా?" అనేవారు. ఆయన బడి వెనకాల ఖాళీ జాగాలో పిల్లలచేత పద్దెనిమిది మొక్కలు పెట్టించారు. అరబ్బులు ఘాఫ్ అంటారు ఆ చెట్టును.

"మన దిక్కు జమ్మి అంటరు చూడండి, అదే ఇది," అన్నారు నాతో. "జాతి ఒక్కటే. పాస్‌పోర్ట్ లేకుంట, వీసా లేకుంట రెండు దేశాలల్ల ఉన్నది ఇదొక్కటే."

బడికి నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. తాగడానికే, మొక్కలకు మాఫీ. అంటే లేవు, అడగొద్దు అని. కాబట్టి ఏసీ నీళ్లు. క్లబ్బులో నలభైముగ్గురు పిల్లలు. ఒక్కొక్కరు తమ ఇంటి ఏసీ, పక్కిళ్ల ఏసీలు రెండు చూసుకోవాలి. పొద్దున్నే డబ్బా కొలిచి నోటుబుక్కులో ఎక్కించాలి. వరసగా మూడు సున్నాలు వస్తే పేరు బోర్డుకెక్కుతుంది. చదువులో ఎప్పుడూ బోర్డుకెక్కని పిల్లలు కూడా ఆ భయంతో తెల్లారకముందే లేచేవారు.

ఖదీజా వాళ్లమ్మ ఫక్రున్నీసా ఒకసారి మా ఆవిడ దగ్గర వాపోయింది. "క్యా బోల్నా బాజీ, మా ఇంటికి చుట్టాలొచ్చిన్రు. బీచ్ చూపిస్తమని తయారైనం. ఇది తలుపుకు అడ్డం నిలవడ్డది. ఎవ్వరు బైటికి పోవద్దు, అందరు ఒక్క గదిలనే కూసోన్రి, గట్టిగ మాట్లాడున్రి అన్నది. ఎందుకే అంటే, మనిషి ఊపిరిల నీళ్లుంటయంట, చెమటల నీళ్లుంటయంట, ఎంతమందుంటే ఏసీకి అన్ని నీళ్లొస్తయంట. సార్ చెప్పిండంట!"

"వచ్చాయా మరి?" అని అడిగింది మా ఆవిడ.

"వచ్చినయి. రెండు లీటర్లు ఎక్కువ. చుట్టాలు మాత్రం మల్ల రాలే."

అల్ ఘర్రాఫాలో అప్పుడప్పుడే విల్లాలు లేస్తున్నాయి. ఒక విద్యార్థి తండ్రి అక్కడ కొత్త విల్లాలో దిగి విందు పెట్టాడు. సార్‌నీ పిలిచాడు, నన్నూ పిలిచాడు. బిర్యానీ వడ్డించేసరికి సార్ లేరు. వెతికితే ఇంటి వెనకాల గోడవార నిలబడి ఉన్నారు. వరసగా ఎనిమిది ఏసీలు, ఎనిమిది ధారలు. ఆయన టోపీ సరిచేసుకుని కళ్లు మూసుకున్నారు.

"అన్నం చల్లారిపోతోంది మాస్టారూ."

"అన్నమేంది సాబ్. ఇది ఇల్లు గాదు, పోచారం ప్రాజెక్టు."

మనమంతా ఉక్కపోతను తిట్టుకునే మనుషులం. ఆయన అలా కాదు. ఉత్తరపు గాలి పొడిగా వీచి ఊరంతా కాస్త ఊపిరి పీల్చుకున్న రోజున ఆయన మొహం వేలాడేసేవారు. డబ్బాలు ఎండిపోతాయి మరి. ఆగస్టులో సముద్రంమీంచి తేమ వచ్చి, చొక్కా వీపుకు అంటుకుని, కళ్లద్దాలు మంచుపట్టి, బతుకు మీద విరక్తి పుట్టే రోజున మాత్రం వీధిలో ఎదురై చేతులు పైకెత్తేవారు. "సుభానల్లా! ఏం ఉక్కపోత సాబ్, ఏం ఉక్కపోత!" ఆ మాటకు ఆయన్ని కొట్టకుండా వదిలేశారంటే గల్ఫులో మనవాళ్ల సహనం ఎంతటిదో అర్థం చేసుకోవాలి.

జూన్‌లో చిక్కొచ్చింది. బడి కొత్తగా నాలుగు బస్సులు కొన్నది. ప్రిన్సిపాల్ ముజఫ్ఫర్ అలీ హైదరాబాదు మనిషి, చెడ్డవాడు కాదు. పదిహేను వందలమంది పిల్లల తల్లిదండ్రుల ఫిర్యాదులు వినీ వినీ అరిగిపోయిన మనిషి. సార్‌ని పిలిపించారు. నేను ఏదో ప్రకటన వార్త కోసం అక్కడే కూర్చుని ఉన్నాను.

"రఫీ సాబ్, బస్సులు నా నెత్తిమీద పెట్టుకోవాల్నా? వెనక జాగా సిమెంటు చేపిస్తున్న."

"అక్కడ చెట్లున్నయి సార్."

"చెట్లా? నేను చూసిన. మోకాలంత పుల్లలు."

"పుల్లలు గాదు సార్. పిల్లలు పెంచుతున్నరు. ఈ బడిల వాళ్లు నేర్సుకున్నది మర్చిపోనిది అదొక్కటే."

ప్రిన్సిపాల్ గోడమీది క్యాలెండరు తిప్పి చూశారు. "సరే. సెప్టెంబరుల బడి తెరిచేనాడు పొద్దుగాల నేనే వచ్చి లెక్కవెడ్త. పద్దెనిమిదిల పన్నెండు బతికుంటే జాగా మీది. ఒక్కటి తక్కువైనా సిమెంటు. యాద్ రఖో, నీళ్ల ట్యాంకరు మాత్రం అడగొద్దు."

దోహా ఎండాకాలం, నీళ్ల ట్యాంకరు లేకుండా, పన్నెండు లేత మొక్కలు. ఇది షరతు కాదు, మర్యాదగా చెప్పిన శిక్ష. సార్‌కు అది అర్థం కాలేదో, అర్థమయ్యే ఊరుకున్నారో. "శుక్రియా సార్" అని లేచి, వెళ్తూ వెళ్తూ ప్రిన్సిపాల్ గది ఏసీ కింద కూడా డబ్బా పెట్టి వెళ్లారు.

జులై వచ్చేసరికి ఊరు ఖాళీ అయింది. పిల్లలు ఇండియాకు వెళ్లిపోయారు. నలభైముగ్గురిలో ఐదుగురు మిగిలారు. మా ఆవిడా పిల్లలూ కూడా బాపట్ల వెళ్లారు. మర్నాడే సార్ గుమ్మంలో నిలబడ్డారు.

"ఇంటోళ్లు పోయిన్రా సాబ్?"

"వెళ్లారండి. ఇల్లంతా బోసిగా ఉంది."

"ఔ. ఐదుండెది, మూడైంది."

నా ఒంటరితనాన్ని లీటర్లలో కొలిచింది ఆయనొక్కరే. ఇంక పిల్లలు లేరు కాబట్టి డబ్బాలు మోయడానికి నేను రావాలన్నారు. రానని చెప్పడానికి కూడా కొంత ఓపిక కావాలి. జులైలో నాకు అది లేదు. ఆయనకొక పాత డాట్సన్ కారుండేది. వెనక సీటు పీకేసి నీళ్ల క్యాన్లు పెట్టుకున్నారు. పట్టనివి ముందు సీటులో కూర్చున్నవాడి ఒళ్లో. మలుపు తిరిగినప్పుడల్లా నా ప్యాంటు తడిసేది. ఆ నెలంతా ఆఫీసులో నాకు ఏదో జబ్బు ఉందని అనుకున్నారు.

ఈ తిరుగుళ్ల మీద నేను చిన్న వార్త ఒకటి రాశాను. మూడుసార్లు పేజీలో పెట్టాను. మూడుసార్లూ చమురు ధర పెరిగింది, వార్త ఎగిరిపోయింది. మా ఎడిటర్‌ని తప్పు పట్టను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

మా బిల్డింగు వెనక సందులో, లోపల కప్పులేని వాకిలి ఉన్న పాతకాలపు ఇల్లొకటి ఉంది. దాన్ని ఒక కంపెనీ అద్దెకు తీసుకుని గదికి తొమ్మిదిమంది చొప్పున కూలీలను పెట్టింది. ఒక గదిలో అందరూ మనవాళ్లే. లింబాద్రి, రాజేశం, మల్లన్న, ఇంకా ఆరుగురు. ఆర్మూరు, మెట్‌పల్లి వైపు వాళ్లు. ఎండాకాలం కాంక్రీటు పని రాత్రిపూట కాబట్టి పగలు పడుకునేవారు. తొమ్మిదిమంది ఊపిరి, తొమ్మిదిమంది చెమట. రోజుకు పదకొండు లీటర్లు. సార్ నోటుబుక్కులో ఆ గది క్లాస్ ఫస్ట్. మొక్కల్లో మూడోవంతు దాని మీదే బతుకుతున్నాయి.

జులై మధ్యలో ఒకరోజు వెళ్తే డబ్బా ఎండిపోయి ఉంది. పొద్దున పదిగంటలు. తొమ్మిదిమందీ ఆ వాకిట్లో గోడనీడ ఉన్న రెండడుగుల మేర తడితువ్వాళ్లు కప్పుకుని వరసగా పడుకుని ఉన్నారు. నిద్రలేక కళ్లు చింతనిప్పులు.

"డబ్బ ఎందుకెండింది లింబాద్రీ?" అన్నారు సార్.

"ఏసీ ఖరాబైంది సారూ. మూడొద్దులాయె."

"కంపెనీకి చెప్పలేదా?"

"చెప్పినం. బుక్రా అన్నరు. రేపంట."

రాజేశం పడుకున్నచోటినుంచే అన్నాడు. "ఆళ్ల బుక్రా ఏ క్యాలెండర్ల లేదు సారూ. నేను నాలుగేండ్లకెల్లి దేవులాడుతున్న."

"మరి ఇంటికి రాసినవా?" అన్నాడు పక్కన మల్లన్న.

"రాసిన. దుబాయ్‌ల ఏసీలు ఉంటయట గద, సల్లగుంటున్నవా అని జాబుల అడిగింది మా గంగామణి, ఆమెకు గల్ఫంత దుబాయే. సల్లగున్న అని రాసిన."

వాళ్లు నవ్వారు. సార్ నవ్వలేదు. ఖాళీ డబ్బా తిప్పి తిప్పి చూస్తున్నారు. "మూడొద్దులు! ముప్పైమూడు లీటర్లు పోయినయి నాకు!"

నాకు ఒళ్లు మండింది. కారెక్కాక అన్నాను. "మాస్టారూ, అక్కడ మనుషులు ఉడికిపోతుంటే మీకు లీటర్ల లెక్కా?"

"లెక్కనే గద సాబ్ అన్నిటికీ," అన్నారాయన, రోడ్డు వైపు చూస్తూ.

ఒళ్లోని క్యాను కింద పెట్టి దిగిపోయాను. ఇంటిదాకా ఎండలో నడిచాను. చెట్లను ప్రేమించేవాళ్లకు మనుషులు కనబడరని ఒక మంచి వాక్యం కూడా దారిలో తయారుచేసుకున్నాను. నా వృత్తిలో మంచి వాక్యం తట్టిందంటే సగంసార్లు అది అబద్ధమని గుర్తుంచుకోవాలి. ఆరోజు గుర్తురాలేదు.

పదిరోజులు ఆయన మొహం చూడలేదు. పదకొండో రోజు ఖదీజా వచ్చి తలుపు కొట్టింది. మొహం జేవురించి ఉంది.

"అంకుల్, మీరు పేపర్ల రాస్తరు గదా?"

"రాస్తాను. వెయ్యరు."

"ఒకరి పేరు వెయ్యాలె. తొమ్మిది సున్నాలు! వరసగ! బోర్డు మీద రాస్త అంటే బోర్డు రూమ్‌కు తాళమున్నది అంటున్నడు."

"ఎవరమ్మా?"

"రఫీయుద్దీన్ సార్."

నోటుబుక్కు చూపించింది. నిజమే. 'సార్ గది' అన్న వరసలో సున్నా పక్కన సున్నా, కోడిగుడ్లు పేర్చినట్టు. నా చూపు పై వరస మీద పడింది. 'లింబాద్రి అంకుల్ గది': పదకొండు, పదకొండు, పన్నెండు, పదకొండు.

"వీళ్ల ఏసీ బాగుచేశారా?"

"ఏమో అంకుల్. నీళ్లొస్తున్నయి. నాకు నీళ్లే కావాలె."

గురువుకు తగ్గ శిష్యురాలు. ఇద్దరం కలిసి సార్ ఉండే చోటుకి వెళ్లాం. రెండు సందుల అవతల, ఒక పాత ఇంటి డాబా మీద ఒంటిగది. గోడలో ఏసీ ఉండాల్సిన చోట చతురస్రాకారపు కన్నం. కన్నానికి పాలపొడి అట్టపెట్టె అడ్డం. లోపల సార్ తడిపిన గోనెసంచి మీద బాసింపట్టు వేసుకుని, నెత్తిన తడితువ్వాలు వేసుకుని, ఏడో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. మొహం ఉడకబెట్టిన బీట్‌రూట్‌లా ఉంది.

"మాస్టారూ, ఏసీ ఏది?"

"ఉన్నది."

"ఎక్కడ?"

"డ్యూటీల ఉన్నది."

ఖదీజా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సార్, సున్నాలకు జవాబు చెప్పాలె."

సార్ ఒక పరీక్ష పేపరు వెనక్కి తిప్పి పెన్సిల్‌తో లెక్క వేశారు. నా వైపు చూడకుండా దానివైపే చూస్తూ చెప్పారు. "ఈ గదిల నేనొక్కణ్ణే. రోజుకు రెండు లీటర్లు. అదిగూడ నేను జర ఎక్కువ మాట్లాడితే. గదే ఏసీ లింబాద్రోళ్ల గదిల పెడితే తొమ్మిదిమంది. పదకొండు లీటర్లు. పదకొండుల రెండు తీసేస్తే ఎంతనే ఖదీజా?"

"తొమ్మిది సార్."

"రోజుకు తొమ్మిది లీటర్ల లాభం. చెట్లకోసం చేసిన, గంతే. దీంట్ల పేపర్ల రాసేటిదేం లేదు సాబ్."

"ఈ ఎండలో మీరిక్కడ చస్తే?"

"చస్తే ఎట్ల? సెప్టెంబరుల లెక్క చూపియ్యాలె గదా."

ఖదీజా పెన్సిల్ తీసి సరిచూసింది. "లెక్క కరెక్టే అంకుల్," అంది గంభీరంగా. సార్ గది వరసను అడ్డంగా కొట్టేసి, 'సెలవు' అని రాసింది.

ఆరోజు దారిలో తయారుచేసుకున్న మంచి వాక్యాన్ని అక్కడే వదిలేశాను. మా ఇంటికి వచ్చి పడుకోమంటే రారని తెలుసు. అందుకని ఆయన భాషలోనే మొదలుపెట్టాను.

"మాస్టారూ, మా ఇంట్లో నేనొక్కణ్ణే కదా. మూడు లీటర్లు. మీరొచ్చి నా గదిలో పడుకుంటే?"

ఆయన పెన్సిల్ ఆగింది. "నాలుగైతది."

"నెలకు ముప్పై లీటర్లు."

నెత్తిమీది తువ్వాల్లోంచి చుక్క ఒకటి పరీక్ష పేపరు మీద పడింది. దాన్ని కూడా విచారంగా చూశారు. "సరే. లీటరైనా లీటరే," అని చాప చుట్టారు.

ఆగస్టంతా నా గదిలోనే ఉన్నారు. గురక పెట్టేవారు. నాలుగు వస్తాయనుకుంటే నాలుగున్నర వచ్చింది. ఆ అరలీటరు గురకదేనని ఆయన సిద్ధాంతం.

సెప్టెంబరు మొదటి శనివారం బడి తెరిచారు. ఆరున్నరకే ప్రిన్సిపాల్ వెనక జాగాకు వచ్చారు. ఆయన వెంట సిమెంటు కాంట్రాక్టరు మనిషి టేపు పట్టుకుని. ఇటు సార్, నేను, ఇండియానుంచి తిరిగొచ్చిన పిల్లలు, నోటుబుక్కుతో ఖదీజా. రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే కంపెనీ ట్రక్కులో వచ్చిన లింబాద్రి, రాజేశం కూడా ఉన్నారు. బట్టలనిండా సిమెంటు. ఆ పూట నీళ్ల క్యాన్లు వాళ్లే మోసుకొచ్చారు.

ప్రిన్సిపాల్ ఒక్కొక్క మొక్క దగ్గరా వంగి, లేచి, లెక్కపెట్టారు. ఆరు మొక్కలు ఎండి విరిగిపోయాయి. వాటిగురించి వాదన లేదు. తక్కినవాటిలో పదకొండు పచ్చగా ఉన్నాయి. చివరిది గోడవారగా ఉంది. ఆకు లేదు. పుల్ల.

"పదకొండు," అన్నారు ప్రిన్సిపాల్. గొంతులో సంతోషమేమీ లేదు. "రఫీ సాబ్, నేను పన్నెండన్న."

లెక్క సార్‌కంటే బాగా ఎవరికి తెలుసు. ఖదీజా కింది పెదవి కొరుక్కుంటోంది. కాంట్రాక్టరు మనిషి టేపు లాగాడు.

లింబాద్రి ఆ పుల్ల పక్కన గొంతుకూర్చున్నాడు. మొదటికి వేలెడు పైన, బొటనవేలి గోరుతో పుల్లను నెమ్మదిగా గీకాడు.

"సారూ, ఇది సావలే. ఇగో, లోపట పచ్చగున్నది. నీళ్లు సాలక ఆకు ఇడిసింది, గంతే. జమ్మి గిట్లనే చేస్తది. మొదట్లకెల్లి మల్ల ఇగురేస్తది."

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చి వంగారు. గీకినచోట గోరంత పచ్చదనం, తడితడిగా. "ఆకొక్కటి లేదు. దీన్ని బతికున్నదంటవా?"

"మేం గూడ గట్లనే ఉన్నం గద సారూ," అన్నాడు రాజేశం ఆవులిస్తూ.

ప్రిన్సిపాల్ నిటారుగా నిలబడి ఆ ఇద్దర్నీ మొదటిసారి సరిగ్గా చూశారు. ఎర్రటి కళ్లు, బూడిదరంగు జుట్టు, చేతుల్లో ఖాళీ క్యాన్లు. తర్వాత ఖదీజా వైపు తిరిగారు.

"రాయమ్మా. పన్నెండు."

కాంట్రాక్టరు మనిషితో, "యల్లా, ముందు జాగా చూద్దాం పద. నా గది కిటికీ ముంగట పెట్టుకుంట బస్సులు, ఏం చేస్త," అంటూ వెళ్లిపోయారు. పిల్లలు చేసిన గోలకు గోడమీది పావురాలు లేచిపోయాయి. సార్ మాత్రం గీకిన చోట మట్టి తడిపి అద్దుతూ, "ఊకే గీకొద్దు లింబాద్రీ, దానికి దెబ్బ తాకుతది," అని గొణుక్కున్నారు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. సెప్టెంబరు చివర, ఎండ తగ్గుముఖం పట్టాక, కంపెనీవాళ్ల బుక్రా వచ్చింది. లింబాద్రోళ్ల గదికి కొత్త ఏసీ పెట్టారు. ఆ వచ్చే శుక్రవారం తొమ్మిదిమందీ సార్ పాత ఏసీని గోనెలో చుట్టి, శవాన్ని మోసినంత జాగ్రత్తగా మోసుకుంటూ డాబా మెట్లెక్కారు. మా ఆవిడ తిరిగొచ్చింది కాబట్టి సార్ అప్పటికే తన గదికి మారిపోయారు. నేను, ఖదీజా అక్కడే ఉన్నాం.

సార్ చూసి మండిపడ్డారు. "ఎవరు తెమ్మన్నరు? ఈడ నేనొక్కణ్ణే. రెండు లీటర్ల కోసం ఇంత బరువు మోస్తరా? అక్కడ ఇంకో గదిల పెట్టరాదు?"

"గందుకే గద సారూ మేమందరం వచ్చినం," అన్నాడు లింబాద్రి. వెనకనుంచి మల్లన్న మటన్, ఉల్లిగడ్డలు, పెద్ద గిన్నె దింపాడు. "ప్రతి జుమ్మా మాకు సెలవు. తొమ్మిదిమందిమి ఈడ్నే ఉంటం. వంట ఈడ్నే, పండేది ఈడ్నే. మీ లెక్క తగ్గది."

ఖదీజా అప్పటికే నోటుబుక్కులో 'సెలవు' కొట్టేసి, కొత్త వరస గీస్తోంది.

పది అడుగుల గదిలో పన్నెండుమందిమి, స్టవ్వు మీద కూర. ఏసీ మూలుగుతోంది. కారం ఎక్కువై అందరికీ చెమటలు. నాకు ఊపిరాడక గాలికి బయటికి పోదామని లేచాను. సార్ అప్పటికే కంచం వదిలేసి డాబా అంచున ఏసీ వెనకాల డబ్బా పట్టుకుని గొంతుకూర్చున్నారు. అక్కడినుంచే కేక వేశారు.

"ఎవ్వరు లేవకున్రి! మంచిగ కారుతున్నది!"